నడుము నొప్పి, పంటి నొప్పి రాకుండా రోజువారీ అలవాట్లు

ఆస్పత్రికి ఒక రోగి వస్తే ఆయన వెంట ఇద్దరు ముగ్గురు కుటుంబ సభ్యులు వస్తారు. డాక్టరు రోగిని చూస్తారు, నర్సు మందులు ఇస్తుంది. వెంట వచ్చిన వారి సంగతి ఎవరూ అడగరు. వారు రాత్రంతా నేల మీద పడుకుంటారు, రోగిని లేపి కూర్చోబెడతారు, మూత్రానికి తీసుకెళతారు, వేళకు తినరు, పళ్ళు తోముకోవడం కూడా మరిచిపోతారు. రోగి కోలుకుని ఇంటికి వెళ్ళేసరికి, చూసుకున్న వారు నడుము పట్టుకుని కూర్చుంటారు. ఈ పాఠం ముఖ్యంగా మీ కోసం.

నడుము, పళ్ళు – ఈ రెండింటినీ కలిపి ఎందుకు చెబుతున్నామని మీరు అడగవచ్చు. రెండూ ఒక్క రోజులో చెడిపోవు. ప్రతిరోజూ చేసే చిన్న తప్పుల వల్ల ఏళ్ళ తరబడి మెల్లగా చెడిపోతాయి. కాపాడుకోవడానికి పెద్ద ఖర్చు లేదు, బాగు చేయించుకోవడానికి మాత్రం చాలా ఖర్చవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారు. నోటి జబ్బులు ఉన్నవారు దాదాపు 350 కోట్ల మంది. కాబట్టి ఇది ఒకరిద్దరి సమస్య కాదు, ప్రతి ఇంటి సమస్య.

నడుము ఎందుకు నొస్తుంది?

మన వెన్నెముకలో చిన్న చిన్న ఎముకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. వాటి మధ్య మెత్తని దిండ్ల వంటి డిస్కులు ఉంటాయి. చుట్టూ ఉన్న కండరాలు వీటన్నిటినీ నిలబెడతాయి. ముందుకు వంగి బరువు ఎత్తినప్పుడు, వంగి ఉండగానే నడుము తిప్పినప్పుడు, గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చున్నప్పుడు ఈ కండరాల మీద, డిస్కుల మీద భారం ఎక్కువవుతుంది. నడుము నొప్పి వచ్చిన పది మందిలో సుమారు తొమ్మిది మందికి ఎముకలో గానీ నరంలో గానీ ప్రత్యేకమైన జబ్బు ఏదీ కనిపించదు. చాలా మందికి కొన్ని వారాలలో తగ్గిపోతుంది. కానీ అలవాట్లు మారకపోతే మళ్ళీ మళ్ళీ వస్తుంది.

మన ప్రాంతపు పనులలో జాగ్రత్తలు

మగ్గం: ఎమ్మిగనూరు పేరు చెబితే చేనేత గుర్తుకు వస్తుంది. 1938లో మాచాని సోమప్ప గారు ఇక్కడ చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. ఎన్నో కుటుంబాలు మగ్గం మీద బతికాయి. గుంట మగ్గం మీద నేసేవారు కాళ్ళు గుంటలో పెట్టి, ముందుకు వంగి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటారు. మగ్గం ముందు కూర్చునే వారు ఇవి పాటించండి:

1. గట్టి నేల మీద కాకుండా, మడిచిన బొంత గానీ పలుచని దిండు గానీ వేసుకుని కూర్చోండి. పిరుదులు మోకాళ్ళ కంటే కొద్దిగా ఎత్తులో ఉంటే నడుము వంపు సరిగా నిలుస్తుంది.
2. అరగంటకు ఒకసారి లేచి నిలబడండి. రెండు చేతులు నడుము మీద పెట్టి మెల్లగా వెనక్కి వంగండి. ఇలా ఐదుసార్లు చేసి, నాలుగు అడుగులు వేసి మళ్ళీ కూర్చోండి. దీనికి రెండు నిమిషాలు చాలు.
3. వెలుతురు చాలకపోతే మనిషి ఇంకా ముందుకు వంగుతాడు. మగ్గం మీద మంచి దీపం ఉండేలా చూసుకోండి.
4. రాట్నం మీద కండెలు చుట్టే ఆడవారు, పెద్దవారు కూడా గోడకు వీపు ఆనించి కూర్చోవడం మంచిది.

చేను: పత్తి తీసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు, వేరుశనగ పీకేటప్పుడు నడుము వంచి గంటలు గంటలు పని చేస్తాము. పూర్తిగా వంగడం కంటే ఒక మోకాలు నేలకు ఆనించి పని చేయండి. కొంతసేపయ్యాక మోకాలు మార్చండి. పత్తి తీసి వేసుకునే ఒడి బాగా బరువెక్కే దాకా మోయకండి, తరచుగా గట్టు మీద ఖాళీ చేయండి. ఒక సాలు పూర్తయ్యాక నిటారుగా నిలబడి నడుము సాగదీయండి. సంక్రాంతి తర్వాత మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్ళే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. అక్కడ కూలి పోతుందని నొప్పిని దాచుకుని పని చేస్తారు. తిరిగి వచ్చేసరికి నొప్పి ముదిరి ఉంటుంది.

బస్తాలు: ఆదోని పత్తి మార్కెట్టుకు ఎంత పేరో మీకు తెలుసు. అక్కడా, జిన్నింగు మిల్లుల దగ్గరా బస్తాలు మోసే అన్నదమ్ములు ఎందరో ఉన్నారు. బరువు ఎత్తేటప్పుడు నడుము వంచకండి, మోకాళ్ళు వంచండి. బస్తాను ఒంటికి దగ్గరగా పట్టుకుని కాళ్ళ బలంతో లేవండి. బరువు చేతిలో ఉండగా నడుము తిప్పకండి, పాదాలతో తిరగండి. ఒక్కరికి మించిన బరువైతే ఇంకొకరిని పిలవండి. సాయం అడగడం చిన్నతనం కాదు.

ఇల్లు: నీళ్ళ బిందెను ఎప్పుడూ ఒకే పక్క చంకన పెట్టుకోకండి. పెద్ద బిందె ఒకసారి మోయడం కంటే చిన్నది రెండుసార్లు మోయడం మంచిది. పొట్టి చీపురుకు బదులు పొడుగు కర్ర చీపురు వాడండి. జొన్న రొట్టెలు తట్టేటప్పుడు, గిన్నెలు తోమేటప్పుడు నేల మీద వంగి కూర్చోకుండా పీట వేసుకోండి. వీలైతే పొయ్యిని నడుము ఎత్తు గట్టు మీదకు మార్చండి. ఇంట్లో ఆడవారి నడుము నొప్పికి మందుల కంటే ఈ మార్పే ఎక్కువ మేలు చేయవచ్చు.

పడక: లోతుగా సాగిపోయిన నులక మంచం, నవారు మంచం నడుముకు మంచివి కావు. నవారు బిగించండి, లేదా కింద బొంత వేసుకుని పడుకోండి. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ళ కింద ఒక దిండు పెట్టుకోండి, పక్కకు పడుకుంటే మోకాళ్ళ మధ్య పెట్టుకోండి. లేచేటప్పుడు ఒక్క ఊపులో లేవకండి. ముందు పక్కకు తిరిగి, కాళ్ళు కిందికి దించి, చేతి ఊతంతో లేవండి.

రోగిని లేపేటప్పుడు

పక్షవాతం వచ్చిన తాతను గానీ, తుంటి ఎముక విరిగిన అవ్వను గానీ ఇంటికి తీసుకెళితే, ఇకపై రోజుకు ఎన్నోసార్లు వారిని కదిలించాల్సింది మీరే. తప్పుగా ఎత్తితే మీ నడుము పోతుంది, రోగి కింద పడవచ్చు. ఇక్కడ ఉండగానే నర్సును అడిగి, ఆమె ఎదుట ఒకసారి చేసి చూపించండి.

* మంచం మీద పైకి జరపాలంటే రోగిని చంకలు పట్టి లాగకండి. నడుము కింద అడ్డంగా ఒక మడిచిన దుప్పటి వేసి, ఇద్దరు చెరో పక్క నిలబడి, "ఒకటి, రెండు, మూడు" అని కలిసి దుప్పటితో జరపండి.
* పక్కకు తిప్పాలంటే అవతలి మోకాలు వంచి, భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేసి మీ వైపుకు తిప్పండి. కదలలేని రోగిని దాదాపు రెండు గంటలకు ఒకసారి తిప్పాలి. లేకపోతే వీపు మీద, తుంటి మీద పుండ్లు పడతాయి.
* కుర్చీలోకి మార్చాలంటే కుర్చీని రోగికి బలం ఉన్న వైపు, మంచానికి ఆనించి పెట్టండి. చక్రాల కుర్చీ అయితే బ్రేకులు వేయండి. రోగి పాదాలు నేలకు ఆనాలి. మీ మోకాళ్ళు వంచి, రోగి నడుముకు చుట్టిన కండువాను పట్టుకుని లేపండి. మీ మెడ పట్టుకోనివ్వకండి.
* పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకుని ఎప్పుడూ లాగకండి. భుజం కీలు జారుతుంది.

ఈ పని ఇంట్లో ఒక్కరే, సాధారణంగా కోడలో కూతురో చేస్తుంటారు. మగవారు కూడా వంతులు వేసుకుని చేయాలి. చూసుకునే మనిషి మంచాన పడితే ఇంట్లో ఇద్దరు రోగులవుతారు.

రోజుకు పది నిమిషాల వ్యాయామం

నొప్పి లేనప్పుడు ఈ మూడు చేయండి. ఒక్కొక్కటి ఐదుసార్లతో మొదలుపెట్టి పదిసార్ల దాకా పెంచండి.

1. వెల్లకిలా పడుకుని ఒక మోకాలిని రెండు చేతులతో రొమ్ము వైపుకు లాక్కోండి. పది అంకెలు లెక్కపెట్టి వదలండి. తర్వాత రెండో కాలు.
2. మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకు ఆనించి, పిరుదులను మెల్లగా పైకెత్తండి. ఐదు అంకెలు లెక్కపెట్టి దించండి.
3. చేతులు, మోకాళ్ళ మీద ఆవులాగా నిలబడి, వీపును పైకి వంచండి, తర్వాత కిందికి వంచండి.

వీటితో పాటు రోజూ అరగంట నడవండి. వ్యాయామం చేస్తుండగా నొప్పి కాలిలోకి పాకితే ఆపివేసి డాక్టరును అడగండి.

నొప్పి వస్తే ఏమి చేయాలి?

ఒకటి రెండు రోజులు బరువు పనులు మానండి, వేడి నీళ్ళ కాపడం పెట్టండి. వారాల తరబడి మంచం ఎక్కకండి, కండరాలు బలహీనపడి నొప్పి ఎక్కువ రోజులు ఉంటుంది. మెల్లగా నడుస్తూ, చేయగలిగిన పని చేస్తూ ఉండండి.

ఇంకొక ముఖ్యమైన మాట. మందుల షాపులో అడిగి నొప్పి బిళ్ళలు తెచ్చుకుని నెలల తరబడి మింగకండి. నొప్పి రాగానే ఇంజెక్షన్ వేయించుకుని పనికి పోవడం కూడా మంచిది కాదు. ఈ మందులు ఎక్కువ రోజులు వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బీపీ, షుగరు ఉన్నవారికి ప్రమాదం ఇంకా ఎక్కువ. నడుము నొప్పికి వాడిన బిళ్ళల వల్ల కిడ్నీలు పాడై ఆస్పత్రికి రావడం కంటే దురదృష్టం లేదు.

ఈ లక్షణాలు ఉంటే ఆలస్యం చేయవద్దు:

* మూత్రం, మలం తెలియకుండా పోవడం, లేదా మూత్రం రాకపోవడం
* రెండు కాళ్ళ మధ్య భాగం మొద్దుబారడం, కాలు బలహీనమై ఈడ్చుకుపోవడం
* నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు (వెన్నెముకకు క్షయ వచ్చినా ఇలా ఉంటుంది. మందులతో నయమవుతుంది, కానీ ఆలస్యమైతే కాళ్ళు పడిపోవచ్చు)
* ఎత్తు నుంచి పడిన తర్వాత, లేదా ముసలివారికి చిన్న దెబ్బ తర్వాత వచ్చిన నొప్పి
* పడుకున్నా తగ్గని, రాత్రి నిద్ర లేపే నొప్పి

మొదటి రెండు లక్షణాలు కనిపిస్తే అదే రోజు, అర్ధరాత్రి అయినా సరే, ఆస్పత్రికి తీసుకురండి.

పళ్ళు ఎందుకు పుచ్చుతాయి?

నోట్లో ఎప్పుడూ సూక్ష్మజీవులు ఉంటాయి. మనం తిన్న తీపిని అవి తిని ఆమ్లాన్ని తయారు చేస్తాయి. ఆ ఆమ్లం పంటి పై పొరను కరిగిస్తుంది. తీపి తిన్న ప్రతిసారీ సుమారు అరగంట సేపు ఈ పని సాగుతుంది. అందుకే ఎంత తీపి తిన్నామన్నదే కాదు, రోజుకు ఎన్నిసార్లు తిన్నామన్నది కూడా లెక్కే. మగ్గం దగ్గర, మార్కెట్టు దగ్గర రోజుకు ఏడెనిమిది సార్లు చక్కెర టీ తాగేవారి పళ్ళకు విశ్రాంతి దొరకదు. టీలు తగ్గించండి, చక్కెర తగ్గించండి, తాగిన తర్వాత నీళ్ళతో పుక్కిలించండి.

ఎలా తోముకోవాలి?

* ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. రాత్రి తోమడం మరీ ముఖ్యం. నిద్రలో లాలాజలం తక్కువ ఊరుతుంది కాబట్టి పళ్ళకు రక్షణ తగ్గుతుంది.
* మెత్తని బ్రష్, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడండి. రెండు నిమిషాలు చిగురు నుంచి పంటి కొన వైపుకు మెల్లగా తోమండి. గట్టిగా రుద్దితే చిగుళ్ళు అరిగిపోతాయి.
* పళ్ళ లోపలి వైపు, వెనుక దవడ పళ్ళు, నాలుక మరిచిపోకండి.
* బ్రష్ కుచ్చు విచ్చుకుపోతే, లేదా మూడు నెలలకు ఒకసారి, మార్చండి. ఒకరి బ్రష్ ఇంకొకరు వాడకండి.
* ఇటుక పొడి, బొగ్గు, కచ్చిక, ఇసుక వాడకండి. పళ్ళు తెల్లగా కనిపించినా పై పొర అరిగిపోయి చల్లని నీళ్ళకు జివ్వుమంటాయి.
* వేప పుల్ల వాడే పెద్దవారు దాన్ని మెత్తగా నమిలి కుంచెలాగా చేసుకుని తోమండి. రాత్రి మాత్రం పేస్టుతో తోమండి.

తోమేటప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం వస్తే తోమడం మానకండి. అది చిగుళ్ళ జబ్బుకు గుర్తు. షుగరు ఉన్నవారికి చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది. చిగుళ్ళు చెడితే షుగరు కూడా అదుపులోకి రాదు. గర్భిణులకు చిగుళ్ళు వాచడం మామూలే, వారు మరింత శ్రద్ధగా తోముకోవాలి.

పిల్లల పళ్ళు

పాల పళ్ళు ఎలాగూ ఊడిపోతాయని వదిలేయకండి. పుచ్చిన పాల పన్ను నొప్పితో బిడ్డ తిండి మానేస్తుంది, కింద వచ్చే పన్ను వంకర పోవచ్చు. మొదటి పన్ను రాగానే తోమడం మొదలుపెట్టండి. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత పేస్టు, మూడు నుంచి ఆరేళ్ళ వారికి బఠాణీ గింజంత చాలు. చక్కెర కలిపిన పాల సీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చకండి.

చాలా మంది తల్లిదండ్రులకు తెలియని విషయం ఒకటి ఉంది. సుమారు ఆరో ఏట, పాల పళ్ళ వెనుక ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. పాత పన్ను ఏదీ ఊడకుండానే వస్తుంది కాబట్టి దాన్ని పాల పన్ను అనుకుని వదిలేస్తారు. అది శాశ్వత పన్ను. పోతే మళ్ళీ రాదు. ఆరేళ్ళ బిడ్డ నోరు ఈ రోజే తెరిచి చూడండి.

ఆడుకుంటూ పడి శాశ్వత పన్ను ఊడితే దాన్ని పారేయకండి. వేరు ముట్టుకోకుండా పై భాగం పట్టుకుని, మురికి ఉంటే నీళ్ళతో కొద్దిగా కడిగి, అదే గుంటలో పెట్టండి. పెట్టలేకపోతే పాలలో వేసి, గంట లోపల దంత వైద్యుని దగ్గరకు వెళ్ళండి. పాల పన్నును మాత్రం తిరిగి పెట్టకూడదు.

పొగాకు

గుట్కా, ఖైనీ, వక్కాకులో పొగాకు, చిగుళ్ళకు రుద్దే నశ్యం – ఏ రూపంలో ఉన్నా పొగాకు నోటి క్యాన్సరుకు దారి తీస్తుంది. వక్క ఒక్కటే నమిలినా ప్రమాదమే. పంటి నొప్పికి నశ్యం మంచిదని కొందరు అవ్వలు చెబుతారు. అది నొప్పిని కొద్దిసేపు మొద్దుబారుస్తుంది, జబ్బును దాచుతుంది. నోట్లో తెల్లని లేదా ఎర్రని మచ్చ, రెండు మూడు వారాలకు మించి మానని పుండు, నోరు పూర్తిగా తెరవలేకపోవడం – వీటిలో ఏది కనిపించినా వెంటనే చూపించండి. తొలి దశలో పట్టుకుంటే నయం చేయవచ్చు.

మంచంలో ఉన్న రోగి నోరు

రోగికి స్నానం చేయిస్తాము, బట్టలు మారుస్తాము, నోరు మాత్రం మరిచిపోతాము. శుభ్రం చేయని నోటిలోని సూక్ష్మజీవులు ఊపిరితిత్తుల్లోకి వెళితే నిమోనియా రావచ్చు. రోజుకు రెండుసార్లు రోగి తల ఎత్తుగా పెట్టి, ముఖం పక్కకు తిప్పి, మెత్తని బ్రష్‌తో తోమి, తడి గుడ్డతో తుడవండి. స్పృహ లేని రోగి నోట్లో నీళ్ళు పోయకండి, నర్సును అడగండి. కట్టుడు పళ్ళు రాత్రి తీసి, కడిగి, నీళ్ళలో ఉంచండి.

తాగే నీళ్ళు – పళ్ళకూ నడుముకూ

కొద్దిపాటి ఫ్లోరైడ్ పళ్ళకు మేలు. ఎక్కువైతే పళ్ళకూ ఎముకలకూ చేటు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు గుర్తించి రాశారు. తర్వాత నల్గొండ పేరు దేశమంతా తెలిసింది. పిల్లల పళ్ళ మీద గోధుమ రంగు చారలు, పెద్దవారికి మెడ, నడుము బిగుసుకుపోవడం దీని గుర్తులు. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు. మీ ఊరి బోరు నీళ్ళు తాగేవారిలో చాలా మందికి ఇలా ఉంటే నీటిని పరీక్ష చేయించమని పంచాయతీని అడగండి.

అపోహలు – నిజాలు

అపోహ: పై పన్ను పీకిస్తే చూపు పోతుంది.
నిజం: పంటి నరానికి, చూపు నరానికి సంబంధం లేదు. చీము పట్టిన పన్నును వదిలేయడమే ప్రమాదం. ముఖం వాచి, జ్వరం వచ్చి, మింగలేకపోతే వెంటనే ఆస్పత్రికి రావాలి.

అపోహ: పళ్ళు శుభ్రం చేయిస్తే వదులవుతాయి.
నిజం: గార పళ్ళను పట్టి ఉంచదు, చిగుళ్ళను తినేస్తుంది. గార తీయిస్తేనే చిగుళ్ళు గట్టిపడతాయి.

అపోహ: నొప్పి బిళ్ళను పుచ్చు పంటిలో పెడితే తగ్గుతుంది.
నిజం: చిగురు కాలి పుండు పడుతుంది.

అపోహ: దవడ నొప్పి అంటే పంటి నొప్పే.
నిజం: కింది దవడ నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

చివరిగా

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టలేరు. ఈ రాత్రి రెండు పనులు చేయండి. పడుకునే ముందు మీరు, మీ రోగి నోరు శుభ్రం చేసుకోండి. రేపు రోగిని లేపేటప్పుడు మోకాళ్ళు వంచి, ఇంకొకరి సాయం తీసుకుని లేపండి. ఇంటికి వెళ్ళాక మిగతావి ఒక్కొక్కటే అలవాటు చేసుకోండి. ఈ పుస్తకాన్ని పారేయకుండా, చదవడం రాని వారికి చదివి వినిపించండి. మీ నడుము గట్టిగా ఉంటేనే మీ రోగికి ఆసరా ఉంటుంది.